మా భద్రు, బట్టీకాడి మూడు జంతువులు

మొగుని పేరు నోటితో అనొద్దంటరు మా తండాల ముసలోళ్ళు. నేను అంటా. భద్రు, భద్రు, భద్రు. ముప్పై రెండేండ్ల సంది వండిపెడుతున్న, ఆ మాత్రం పేరు పిలిచే హక్కు లేదా నాకు?

ఇప్పుడు ఆ భద్రు కోసం ఫోన్ల మీద ఫోన్లు. "చాందక్కా, గుర్రం కొందామనుకుంటున్నం, మీ ఆయన ఏమంటడు? ఖచ్చర్, గదే కంచరగాడిద, అయితే నయమా?" అని ముక్కు మొహం తెలవనోళ్ళు గూడ అడుగుతుండ్రు. ఈయన గడ్డం గోక్కుంట అరగంట మాట్లాడుతడు. అది ఏ రాళ్ళల్ల నడవాలె, ఎంత మోయాలె, ఎక్కి తిరుగుతవా, మేత ఏడికెల్లి తెస్తవు, అన్నీ అడుగుతడు. ఆ తెలివి ఆయనకు ఎట్లొచ్చిందో మాత్రం ఫోన్ల చెప్పడు. నేను చెప్తా. చెప్పుకునేటంత గొప్ప సంగతి కాదు, అయినా చెప్తా. అందుల నా తప్పు గూడ ఉన్నది.

పశువును చూసుడుల మా భద్రుకు సుట్టుపక్కల తండాలల్ల పేరుండేది. సంతకు పోయేటోడు ముందుగాల మా వాకిట్ల దిగేటోడు. భద్రు పోయి ఎద్దు నోరు తెరిచి పండ్లు చూస్తడు, గిట్ట ఎత్తి చూస్తడు, వెంట్రుకల సుడి నొసట ఉన్నదా, వీపు మీద ఉన్నదా, మెడ కింద ఉన్నదా అని వేలు పెట్టి వెతుకుతడు. ఆఖరికి ఒక్కటే మాట, తీసుకో అనో, వద్దు అనో. దానికి ఎవలి దగ్గర ఏం తీసుకోడు, ఒక చాయ్ తాగుతడు. ఆ చాయ్ పెట్టేది నేను, పేరు ఆయనది.

ఇంకొకటి గూడ చెప్పాలె. పాతికేండ్లు బండి తోలిండు గని ఏనాడూ ఎద్దును కొట్టలె. నాలుకతోని టక్కుమని సప్పుడు చేస్తే అవి కదిలేయి. "నోరున్నది నాకు, కట్టె ఎందుకు?" అనేటోడు. నా మీద మాత్రం ఆ నోరు బాగనే లేచేది. అది వేరే ముచ్చట.

మా చేను వాగు అవతల ఉంటది. మూడెకరాలు. వయసుల ఉన్నప్పుడు ఇద్దరం కలిసి మొద్దులు పెకిలించి చేసుకున్న పోడు చేను, పట్టా గూడ వచ్చింది. మిరప మస్తు పండుతది. వాగు దాకా బండి బాట, అవతల రెండు కిలోమీటర్లు అడివిల బండరాళ్ళ మీదకెల్లి ఎక్కుడే. ట్రాక్టర్ పోదు, మోటర్ సైకిల్ పోదు, ఎడ్లు పోతే జారుతయి. ఏరిన కాయ ఆడోళ్ళ నెత్తి మీద ఇవతలికి రావాలె, వచ్చి మా కల్లంల ఎండాలె. రెండు కాళ్ళు మంచిగున్నన్ని రోజులు భద్రుకు ఆ దారి ఒక లెక్కల్నే లేదు.

మూడేండ్ల కింద ట్రాక్టర్ ట్రక్కు బోల్తా పడి ఆయన ఎడమ తొడ మీద పడ్డది. ఖమ్మంల దవాఖానాల రాడ్లేసిండ్రు. బతికిండు, నడుస్తుండు, గని ఆ కాలు రెండు వేళ్ళంత పొట్టిగైంది. చదునుల కుంటుతడు, రాళ్ళల్ల పడతడు. పోయిన దసరా దాటినంక నాకు చెప్పకుండ చేనుకు పోయి, దారిల పడి, పొద్దటి సంది మధ్యాహ్నం దాకా ఆ బండల మీద్నే ఉన్నడు. కట్టెలకు పోయినోళ్ళు చూసి మోసుకొచ్చిండ్రు.

మా కొడుకు రవీందర్ ఖమ్మంల ఖానాపురం హవేలిల కిరాయికుంటడు, కరెంటు మీటర్ల పని. ఆ సంగతి తెలిసి ఉరికొచ్చిండు. వాడు మంచోడే, గని మాట కటువు. నా పోలికే.

"బాపూ, చేను మీద నాకు ప్రేమ లేదనుకోకు. నువ్వు ఆ రాళ్ళల్ల పడి సస్తే నాకు ఫోన్ గూడ రాదు, అక్కడ సిగ్నల్ లేదు. ఉగాది దాకా చూస్త. ఒకల మీద ఆధారపడకుండ నీ అంతట నువ్వు చేనుకు పోయి రాగలిగితే సరే. లేకుంటే అవతలి గూడెం జంపయ్య కౌలుకు అడుగుతుండు, ఇచ్చేద్దాం."

 వాడు పోయినంక భద్రు నన్ను పిలిచి, "చాందీ, నా చేను ఇంకోడు దున్నుతుంటే నేను ఇంట్ల గూసోవాల్నా?" అన్నడు. ఆ పూట అన్నం ముట్టలె. ఈ మనిషి మిరప తోటల నడవకుంటే మూన్నెల్లు బతకడని నాకు భయమేసింది. ఉత్తగ అంటలేను, నిజంగనే భయమేసింది.

ఎక్కి పోయేటందుకు ఏదన్న జంతువుంటే బాగుండునని ఆలోచన ఆయనకే వచ్చింది. వైరా దిక్కు వెంకటరామారావు గారని ఒకాయనకు ఇటుక బట్టీ ఉన్నది. వాళ్ళ నాయిన కోస్తా నుంచి వచ్చి ఇక్కడ భూములు కొన్నడట. బట్టీల ఇటుకలు మోసేటందుకు ఇన్నేండ్లు జంతువుల్ని పెట్టుకున్నడు, ఇప్పుడు చిన్న బండ్లు కొని వాటిని అమ్మేస్తుండు. శివరాత్రి పోయినంక ఆటో కట్టుకుని ఇద్దరం పోయినం.

రేకుల షెడ్డు కింద మూడు నిలబడ్డయి. రామారావు గారు ఒక్కొక్కదాన్ని చూపించిండు.

"ఇది గుర్రం, ఆడది. ఇది ఖచ్చర్, అంటే తండ్రి గాడిద, తల్లి గుర్రం. ఈ మూడోది దానికి తిరగేసిన రకం. తండ్రి గుర్రం, తల్లి గాడిద. ఇట్లాంటివి చాలా తక్కువ పుడతాయి భద్రూ. దీన్నేమంటారో నాక్కూడా తెలీదు."

"గాడిద కడుపున పుట్టింది గదా సారూ, గాడిదబిడ్డ" అన్నడు భద్రు. ఆ పేరే ఖాయమైంది.

ఖచ్చర్ ఎత్తు గుర్రమంత, చెవులు గాడిదవి. గాడిదబిడ్డ మొహం, తోక చూస్తే గుర్రమే, ఎత్తు మాత్రం గాడిద కంటే కొంచెం ఎక్కువ. గుర్రం ఎక్కి తిరగనీకి బాగుంటది గని మేత ఎక్కువ, ఊకె కడుపునొప్పి వస్తదని చెప్పిండు రామారావు గారు. ఖచ్చర్ తక్కువ తింటది, ఎక్కువేండ్లు బతుకుతది, గిట్టలు ఇనుమే. గాడిదబిడ్డ నెమ్మదిది, కాని బలం తక్కువ. ఆ రెండూ ఈనవు, గుర్రం ఒక్కటే ఈనుతది.

నేను ఖచ్చర్ అన్న. రాళ్ళల్ల నడిచేది కావాలె గదా మాకు! ఈయన చూపు మాత్రం గుర్రం మీదికెల్లి కదలలె. వాళ్ళ తాత ఉప్పు మోసే ఎడ్ల గుంపు ముందట గుర్రమెక్కి పోయేటోడట. ఆ కథ నేను పెండ్లైన కాడ్నించి వింటున్న.

"నీకు కావాల్సింది చేనుకు పోవుడా, ఊరేగుడా?" అన్న.

"రెండూ అయితే నీకేం నొప్పి?" అన్నడు.

రామారావు గారు నవ్వి, "గొడవెందుకమ్మా, ఒక్కోటి తీసుకెళ్ళి పది రోజులు ఉంచుకుని చూడండి. నచ్చకపోతే తెచ్చెయ్యండి" అన్నడు. మంచి మనిషి. గట్ల గుర్రం మా తండాకొచ్చింది.

జీను లేదు. బట్టీల గంపలు కట్టేటోళ్ళు, ఎక్కేటోళ్ళు కాదు. జీను పని నేను పెట్టుకున్న. మా ఆడోళ్ళ చేతికి సూది దొరికితే ఊకుంటమా? ఇంట్ల గోనెసంచులకు కొదవ లేదు. నాలుగు తీసి, రాయి మీద కొట్టి దులిపి, మడత మీద మడతేసి, నడుమ పాత పత్తి పెట్టి, సుట్టూ ఎర్రదారంతోని అంచు కుట్టిన. రెండు మూలలకు అద్దాలు గూడ పెట్టిన. తండా ఆడోళ్ళందరు వచ్చి చూసి మెచ్చుకున్నరు. నేను గూడ మురిసిన, ఎందుకు మురవకూడదు?

మొదటి రోజు పొద్దుగాల చల్లగున్నప్పుడు భద్రు గుర్రమెక్కి వాగు దాకా పోయొచ్చిండు. మీసం మెలేసుడొక్కటే తక్కువ. రెండో రోజు చేనుకు పోయి, ఎండల తిరిగొస్తున్నడు. వాగు కాడికి రాంగనే గుర్రం మెడ ఇసిరిందట, ఒళ్ళంత జలదరించిందట, ఇగ ఎంత పట్టుకున్నా ఆగలె. ఈయన్ని ఇసుకల పారేసి అడివిలకు ఉరికింది. జంపయ్య అటు పోతుండి చూసి లేపి తీసుకొచ్చిండు. మంచి కాలు దిక్కే పడ్డడు కాబట్టి సరిపోయింది.

గుర్రం దొరికినంక భద్రు దాని ఒళ్ళంత వెతికి, జూలు కింద ఒక సుడి పట్టిండు. "ఇగో, మెడ సుడి! సోయి లేకుండ చూడకపోతిని. ఇది మనిషిని పారేసే గుర్రం" అన్నడు. పశువుల సంగతి ఆయన చెప్తే మాకు అంతే. వాపస్ ఇచ్చినం.

రెండోది ఖచ్చర్. దాని నడక చూసి భద్రు మాట మారిపోయింది. "చాందీ, నువ్వన్నదే నిజం. ఇది రాయి మీద కాలు పెట్టే ముందు చూసుకుంటది. కదిలే రాయి మీద అస్సలు పెట్టదు" అని నాలుగు రోజులు మెచ్చుకున్నడే మెచ్చుకున్నడు. ముప్పై రెండేండ్లల్ల నా మాట నిజమన్నది అదొక్కసారే. వెన్ను పక్కన జర ఎర్రగైందని చూపిస్తే, తాడు ఒరిసిందనుకుని, మెత్తగుండాలని నేనే ఇంకో సంచి కలిపి కుట్టిన.

అయిదో రోజు నేను గూడ చేన్ల ఉన్న. కాయ ఏరుడు నడుస్తున్నది, ఎండ దంచుతున్నది. కల్లానికి రెండు సంచులు మోపిద్దామని ఖచ్చర్ను నిలబెట్టినం. అది నేల మీద పడి పొర్లింది. లేపినం. జీను సరిచేసి బిగించబోతే ఎగిరి తన్నింది. ఇంకోసారి పోతే భద్రు భుజం కొరికింది. అంగీ చినిగి రక్తమొచ్చింది.

అప్పుడు ఆయన చేసిన పని చెప్పాల్నా వద్దా అని ఇప్పటికీ అనిపిస్తది. పక్కన ఉన్న కట్టె తీసి కొట్టిండు. ఒకటి కాదు, మూడు దెబ్బలు. అది తాడు తెంపుకోలేక, గుండ్రంగ తిరుగుకుంట, కండ్లు తెల్లగ పెట్టి ఆయన దిక్కే చూసింది. కాయ ఏరే ఆడోళ్ళు ఏరుడు ఆపి చూసిండ్రు. పాతికేండ్లు కట్టె పట్టనోడు! చేను పోతదన్న బుగులు మనిషిని అంత పని చేయించింది.

"మొండి జాతి" అన్నడు ఇంటికొచ్చినంక. నాకు తెలుసు, అది ఖచ్చర్ను తిట్టుడు కాదు, తనకు తాను సర్ది చెప్పుకునుడు. దాన్ని గూడ వాపస్ తోలినం.

మిగిలింది గాడిదబిడ్డ. ఆయన ఎక్కితే కాళ్ళు నేలకు జానెడు దూరంల ఏలాడేయి. తండా పిల్లలు ఎనకాల పడి నవ్విండ్రు. నవ్వనీ! అది మాత్రం తన్నలె, కొరకలె, ఉరకలె. ఎక్కుమంటే నిలబడ్డది, పొమ్మంటే పోయింది, మోపిస్తే మోసింది. పది రోజులు ఎండల వాగు దాటి పోయొచ్చింది, ఒక్కనాడు చెవి గూడ ఇదిలించలె. మేత జర తక్కువ తినేది, తల కిందికేసి నిలబడేది. ఊకె ఇప్పి కట్టుడెందుకని రాత్రి గూడ జీను దాని వీపు మీద్నే ఉంచి, తాడు వదులు చేసేటోళ్ళం. "ఎంత బుద్ధిమంతురాలో చూడు" అని నేను దాని నొసటికి బొట్టు పెట్టిన.

ఒక ఆదివారం రవీందర్ వచ్చేసరికి వాళ్ళ నాయిన చేను నుంచి గాడిదబిడ్డ మీద ఇంటికొస్తుండు, ఎనక మిరప సంచి గూడ ఉన్నది. వాడు చాలాసేపు చూసి నవ్విండు. అంత మనసారా వాడు నవ్వంగ చూసి ఏండ్లైంది.

"సరే బాపూ. ఉగాది నాడొస్త. నీతోని చేను దాకా నడుస్త. ఆ రాళ్ళల్ల గూడ గిట్లనే పోయొస్తే జంపయ్యకు వేరే చేను చూసుకొమ్మని చెప్తా."

ఆ రాత్రి భద్రు రెండుసార్లు అన్నం పెట్టించుకున్నడు. చేను మిగిలిందనుకున్నం.

ఉగాది ఇంకా ఆరు రోజులుందనంగ పశువుల దవాఖానాల పనిచేసే పుష్పలత మేడం తండా ఎడ్లకు, బర్లకు టీకాలేయనీకొచ్చింది. వాకిట్ల ఎండల భద్రు గాడిదబిడ్డ మీదున్న జీను తాడు బిగిస్తుండు. మేడం అది కొత్త జంతువని దగ్గరికొచ్చింది.

"ఇది ఎందుకిట్ల వణుకుతున్నది?"

"ఈగలేమో మేడం" అన్న.

"అయితే తోకతోని కొట్టుకోవాలె గదా. ఇది నిలబడి వణుకుతున్నది" అనుకుంట ఆమె జీను అంచు పట్టి ఎత్తింది. అది అంటుకపోయి ఉన్నది. మెల్లగ లాగితే వెంట్రుకలతోని వచ్చింది. కింద వెన్నుకు ఇటు అరచేయంత, అటు అరచేయంత తోలు లేదు. ఎర్రటి మాంసం.

 మేడం మొహం మీద చెమట కారుతుంటే చేత్తోని తుడుచుకున్నది. మరుక్షణం "అమ్మో, మంట! కన్ను మంట!" అని ఒక్కటే అరుపు. నేను ఉరికి నీళ్ళు తెచ్చిన. చెంబు మీద చెంబు పోసుకున్నది. ఒక కన్ను మూసుకునే ఆ జీను ముక్కు దగ్గర పెట్టుకుని తుమ్మింది.

"అక్కా, ఈ సంచుల్ల ఇంతకుముందు ఏం పోసిండ్రు?"

"ఇంకేం పోస్తం మేడం, మిరపకాయలే."

అంటుంటేనే నాకు సంగతి సమజైంది. మా ఇంట్ల సంచంటే మిరప సంచే. ముప్పైయేండ్లు కాయ ఏరి, తొడిమ తీసి, కల్లంల తొక్కి మా చేతులు మొద్దుబారిపోయినయి. బయటి నుంచి వచ్చినోళ్ళు మా గడప తొక్కంగనే దగ్గుతరు, మాకు ఆ ఘాటే తెలవదు. ఆ సంచులు నేను రాయి మీద దులిపిన, నీళ్ళల్ల పెడితే గోనె బిర్రుగైతదని ఉతకలె. నా చేత్తోని మడతేసి, నా చేత్తోని కుట్టి, అద్దాలు పెట్టి, చెమట పట్టే వీపు మీద కారం కట్టిన. ఎర్రగైతే ఇంకో సంచి కలిపిన. తండా ఆడోళ్ళంత వచ్చి చూసిండ్రు గదా, ఒక్కళ్ళకన్న తట్టిందా? తట్టలె, వాళ్ళవి గూడ నా అసొంటి మొద్దు చేతులే.

భద్రు అరుగు మీద కూలబడ్డడు. 

"గుర్రం చెప్పింది. ఖచ్చర్ చెప్పింది. నేను సుడులు చూసిన."

మేడం మమ్మల్ని తిట్టలె. తిట్టినా బాగుండేది. సబ్బునీళ్ళతోని ఎట్ల కడగాల్నో చూపించి, పూత మందిచ్చింది. "పదిహేను రోజులు దీని వీపు మీద బట్టపేలిక గూడ పడొద్దు" అన్నది.

"ఉగాదికి ఆరు రోజులే ఉన్నది మేడం" అన్న, బుద్ధి లేక.

"ఉగాది దానికి తెలుసా అక్కా?" అన్నది.

తెల్లారి భద్రు నన్ను వెంటబెట్టుకుని బట్టీకి పోయిండు. గుర్రం లేదు, ఖమ్మంల పెండ్లి బ్యాండోళ్ళు కొనుక్కపోయిండ్రట. ఖచ్చర్ షెడ్డుల ఉన్నది. తన్నే జంతువని పేరు పడ్డది కాబట్టి ఏదో దూరపు బేరగానికి చవగ్గ తోలేస్తున్నమని చెప్పిండు రామారావు గారు. భద్రు అక్కడున్న పనోళ్ళందరి ముందట నిలబడి, తువ్వాల తీసి చేతుల పట్టుకుని, జరిగింది జరిగినట్టు చెప్పిండు. పశువుల్ని చూసేటోడని పేరున్న మనిషికి అది ఎంత కష్టమో నాకు తెలుసు. "తప్పు దానిది కాదు సారూ. కాల్చింది మేము, కొట్టింది నేను. తన్నేదని చెప్పి అమ్మకుండ్రి" అన్నడు. జీను కుట్టింది చాంది అని మాత్రం అనలె.

రామారావు గారు ఖచ్చర్ వీపు నిమిరి చూసిండు. "అయితే దాన్నే తీసుకెళ్ళు భద్రూ. వీపు మానిపోయింది, బంగారంలాంటి జంతువు. నీ ఉగాది గండం గడుస్తుంది" అన్నడు.

భద్రు దాని దిక్కు నడిచిండు. ఆ కుంటి నడక సప్పుడుకే ఖచ్చర్ చెవులు ఎనక్కి పోయినయి. గిర్రున తిరిగి ఎనక కాళ్ళు ఇటు పెట్టింది. నాలుగడుగుల దూరంల ఆగిపోయిండు ఈయన. నేను పోయి బెల్లం పెడితే నా చేతుల తిన్నది. ఆయన అడుగేస్తే మల్ల తిరిగింది.

"నెల రోజులు చేత్తో మేపితే మర్చిపోతుందిలే" అన్నడు రామారావు గారు.

నెల ఏడున్నది మాకు? అయినా ఆ బేరగాన్ని మాత్రం రావద్దన్నడు రామారావు గారు. అంత వరకు నయం.

ఇంటికొచ్చి నేను ఆ జీనును పొయ్యిల పెట్టిన. పొగకు వాడకట్టంత దగ్గింది. పెట్టెల దాచుకున్న నూలు చీర తీసి, రెండు రోజులు కూసోని కొత్త బొంత కుట్టిన. ఎందుకు కుడుతున్నవని ఆయన అడగలె, నేను చెప్పలె.

ఉగాది పొద్దుగాల రవీందర్ బండి మీదొచ్చిండు. జంపయ్య గూడ వాకిట్ల నిలబడ్డడు. ఆయన మంచోడు, సిగ్గుపడుకుంటనే, "భద్రన్నా, నీకు వీలైతే నాకేం బాధ లేదు. కాకుంటే ఇయ్యాల చెప్పు. లేకుంటే వాగు కింద వేరే చేను మాట్లాడుకుంట" అన్నడు.

"నేను పోలేను రవీ. జంతువు వీపు మానలె" అన్నడు భద్రు.

నాకు ఒళ్ళు మండింది. "పోతడు! ఎందుకు పోడు? పక్కులు కట్టినయి. ఒక్కసారి పోయొచ్చుడే గదా, మెత్తటి నూలు బొంత కుట్టిన, జర ఎనక్కి గూసుంటే పుండుకు తాకను గూడ తాకదు!" అనుకుంట గాడిదబిడ్డను నేనే ఇప్పుకొచ్చి బొంత పరిచిన. బొంత పడంగనే దాని తోలు మెడ కాడ్నించి తోక దాకా వణికింది. కాళ్ళు మాత్రం కదపలె. ఎప్పటి లెక్కనే నిలబడ్డది.

భద్రు అరుగు దిగొచ్చిండు. ఎక్కుతడనుకున్న. బొంత తీసిండు, మడతేసిండు, నా చేతుల పెట్టిండు.  జంపయ్య దిక్కు తిరిగిండు.

"జంపయ్యా, దిగువ గట్టు ఒకచోట తెగి ఉన్నది, వానలు పడకముందే వేసుకో. లేకుంటే నారంత కొట్టుకపోతది. ఉత్తరం మూల రాళ్ళున్నయి, అక్కడ నాగలి లోతు పెట్టకు. కంచెల పందుల దారి ఉన్నది, రవీందర్ చూపిస్తడు."

అప్పగించిండు. ముప్పైయేండ్ల చేను, గట్ల నిలబడి, నాలుగు మాటలల్ల. రవీందర్ ఏదో అనబోయిండు. "జంపయ్య ఆగలేడు బిడ్డా, చేను బీడు పడొద్దు" అని భుజం తట్టి పంపిచ్చిండు.

వాళ్ళు పోయినంక నేను నోరు మూయలె. మనిషివా కాదా అన్న. చేను కన్న నీకు ఈ గాడిద ఎక్కువైందా అన్న. నా చేతులే ఇరగాలె, నేనెందుకు కుట్టిన్నో అని గూడ అన్న. ఏడుపొచ్చింది. ఆయన అన్నీ ఇనుకుంట అరుగు మీద కూసున్నడు.

"అయిందా?" అన్నడు నేను అలిసిపోయినంక. "కౌలు యేడాదికే, ఎనక చేను నాదే అయితది చాందీ. ఇది ఇయ్యాల ఏం అనకుండ మోస్తది, నాకు తెలుసు. మోసినంక ఆ ఖచ్చర్ చూసినట్టు ఇది గూడ నన్ను చూస్తే, నేను ఏ చేనుకు పోయి ఏం చేసుకోవాలె?"

ముప్పై రెండేండ్లల్ల ఆ మనిషి మీద అంత కోపం నాకెప్పుడూ రాలె. అంత ప్రేమ గూడ రాలె. రెండూ ఒక్కసారే వస్తే ఏం చెయ్యాల్నో తెలవక మందు డబ్బా తెచ్చి ఆయన చేతుల పెట్టిన.

నేను పోయి గాడిదబిడ్డ మొహం పట్టుకున్న. ఆయన వేలితోని మందు తీసి పుండు మీద పెట్టిండు. మండిందేమో, అది తల ఎగరేసి, ముందట కాలు నేలకేసి గట్టిగ కొట్టింది. మా ఇంటికొచ్చినంక అది కాలు కొట్టుడు అదే మొదలు.

భద్రు గబుక్కున చెయ్యి తీసేసిండు.

"అవ్ తల్లీ" అన్నడు. "గట్ల చెప్పు."